అఫెన్సివ్ లైన్‌ను తూచే లెక్కలు: చాలా సీజన్ల వాడకం తర్వాత సమీక్ష

అమెరికన్ ఫుట్‌బాల్‌లోని ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్‌లో ఏ జట్టు అఫెన్సివ్ లైన్ (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరుస ఐదుగురు: మధ్యలో సెంటర్, అతని పక్కన ఇద్దరు గార్డులు, అంచుల్లో ఇద్దరు టాకిల్‌లు) గట్టిదో తేల్చుకోవడానికి చాలా సీజన్లుగా మూడు కొలతలు వాడుతున్నాను: సాక్‌ల సంఖ్య (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టిన సందర్భాలు), క్రీడా ఛానల్ ఈఎస్‌పీఎన్ ఇచ్చే పాస్ బ్లాక్ విన్ రేట్, విశ్లేషణ సంస్థ పీఎఫ్‌ఎఫ్ ఇచ్చే ట్రూ పాస్ సెట్ గ్రేడ్‌లు. సాక్‌ల సంఖ్యను మాత్రం పక్కన పెట్టేయమంటాను. క్వార్టర్‌బ్యాక్ బంతిని చకచకా వదిలేస్తుంటే ఆ అంకె అతని గురించి చెబుతుంది, లైన్ గురించి కాదు.

2020 స్టీలర్స్‌నే చూడండి. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ బెన్ రాత్లిస్‌బర్గర్ 608 పాస్‌లు వేస్తే పడిన సాక్‌లు 13. జట్టు మొత్తానికి 14, లీగ్‌లోనే అతి తక్కువ. కానీ బంతి పట్టుకుని పరుగెత్తే రన్ ఆటలో మ్యాచ్‌కు 84.4 గజాలతో ఆ జట్టుది ఆఖరి స్థానం. 2022 బకనీర్స్‌కు సెంటర్ ర్యాన్ జెన్సెన్ గాయంతో రెగ్యులర్ సీజన్ మొత్తం దూరమయ్యాడు. అయినా క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీకి 733 పాస్‌లలో 22 సాక్‌లే. రన్‌లో మాత్రం 76.9 గజాలు, మళ్లీ 32వ స్థానం. అదే ఏడాది బేర్స్‌లో బంతిని ఎక్కువసేపు పట్టుకునే జస్టిన్ ఫీల్డ్స్ 318 పాస్‌లకే 55 సాక్‌లు తిన్నాడు. సాక్‌లను బట్టి ఈ మూడు లైన్లకు వరస కడితే తప్పుదారి పట్టినట్టే.

షాట్‌గన్ (క్వార్టర్‌బ్యాక్ సెంటర్‌కు కొన్ని గజాలు వెనక నిలబడే అమరిక) నుంచి స్లాంట్, హిచ్, స్క్రీన్ లాంటి పొట్టి పాస్‌లు వేస్తే బంతి రెండు సెకన్ల చుట్టుపక్కలే చేయి దాటుతుంది. టాకిల్‌ను చుట్టి రావాల్సిన ఎడ్జ్ రషర్‌కు, అంటే అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే డిఫెన్స్ ఆటగాడికి, ఆ సమయం చాలదు. కాబట్టి టాకిల్ బలహీనత కనపడదు. గార్డులకు, సెంటర్‌కు ఆ వెసులుబాటు లేదు. క్వార్టర్‌బ్యాక్‌కు దగ్గర దారి వాళ్ల మీదుగానే. వాళ్లు వెనక్కి నెట్టుకుపోతే ఎదుటి జట్టు డిఫెన్సివ్ టాకిల్ చేతులు పాస్ దారిలోకి లేస్తాయి, బంతి లైన్ దగ్గరే తగిలి పడిపోతుంది. అది బాక్స్ స్కోర్‌లో (మ్యాచ్ గణాంకాల పట్టిక) ఎవరికీ అందని ఇన్‌కంప్లీట్ పాస్‌గానే మిగులుతుంది. అందుకే ఇలాంటి జట్లకు సాక్‌ల కన్నా లైన్ దగ్గర తగిలిన పాస్‌లు లెక్కపెట్టడం మేలు.

విన్ రేట్ ఆటగాళ్ల కదలికలు పట్టే ట్రాకింగ్ చిప్‌ల డేటాతో తయారవుతుంది, 2.5 సెకన్లు నిలబెట్టిన బ్లాక్‌ను గెలుపుగా లెక్కిస్తుంది. క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని తిరిగిన పాపం లైన్‌కు చుట్టుకోదు, ఇది దాని పెద్ద గుణం. లోపం మరో వైపుంది. బంతి వెంటనే వెళ్లిపోతుందని తెలిసిన రషర్ పూర్తి బలంతో రాడు, ఆగి చేతులెత్తుతాడు. అలా దక్కిన గెలుపు చవక.

ట్రూ పాస్ సెట్ స్క్రీన్‌లు, ప్లే యాక్షన్ (రన్ అని నమ్మించి వేసే పాస్), మరీ త్వరగా వదిలిన పాస్‌లు తీసేస్తుంది. మూడింటిలో నా ఓటు దీనికే. కానీ క్విక్ పాస్ జట్లలో వడపోత తర్వాత మ్యాచ్‌కు మిగిలే ప్లేలు తక్కువ, ఒక్క మ్యాచ్ గ్రేడ్ ఊగిసలాడుతుంది. కనీసం సగం సీజన్ పోగయ్యాక చూడాలి. చందా కూడా కట్టాలి.

చందా లేకపోతే థర్డ్ డౌన్‌లో (మూడో ప్రయత్నం) ఇంకా 7 గజాలు, ఆపైన కావాల్సిన ప్లేలు ఏరుకోండి. స్నాప్‌కు (సెంటర్ బంతిని వెనక్కి అందించే క్షణం) స్టాప్‌వాచ్ నొక్కి 2.5 సెకన్ల దగ్గర వీడియో ఆపండి. క్వార్టర్‌బ్యాక్ ముందుకు అడుగేసే చోటుందా? గార్డు ఎంత వెనక్కి జరిగాడు? ఎండ్ జోన్ కోణం (మైదానం చివర నుంచి తీసిన వీడియో) దొరికితే అదే వాడండి, టీవీ కోణంలో మధ్య ముగ్గురు ఒకరి వెనక ఒకరు దాగిపోతారు.

ఎవరూ ఆపకుండా వచ్చిన రషర్‌ను మాత్రం తొందరపడి లైన్ ఖాతాలో వేయకండి. హాట్ రూట్ (రషర్ మీదికొస్తే వెంటనే వేయాల్సిన పొట్టి పాస్) ఉన్న ప్లేలో అతణ్ణి కావాలనే వదిలేసి ఉండొచ్చు, అప్పుడు బంతిని సమయానికి వదలాల్సిన బాధ్యత క్వార్టర్‌బ్యాక్‌దే.