కరెంటు పోయాక కుదిరిన గీత: పెన్ టాబ్లెట్‌తో మూడేళ్లు

నా పెన్ టాబ్లెట్ పెన్నులో బ్యాటరీ లేదు. ఈ సమీక్షంతా ఆ ఒక్క సంగతి గురించే. ఎన్ని అంగుళాలు, ఎన్ని బొత్తాలు, చేతి ఒత్తిడిని ఎన్ని మెట్లుగా గుర్తిస్తుంది అన్నవి డబ్బా మీదే ఉంటాయి, కొనేముందు అందరూ చదివేవే. తెర లేకుండా ల్యాప్‌టాప్‌కు తగిలించుకునే నల్లటి పలక ఇది. దీని మీద పెన్ను ఆడిస్తే గీత ల్యాప్‌టాప్ తెర మీద పడుతుంది. బి.ఎఫ్.ఎ. (చిత్రకళ డిగ్రీ) అప్లయిడ్ ఆర్ట్ రెండో సంవత్సరం మొదట్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీలో 4,500 రూపాయలు పెట్టి కొన్నాను. ఇప్పుడు నాలుగో సంవత్సరం ముగింపుకొచ్చింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో పనిచేసే పలకలు చాలా కంపెనీలు అమ్ముతున్నాయి, నేను చెప్పే మంచీచెడ్డా వాటిలో చాలావాటికి వర్తిస్తాయి.

మొదటి నెల తిట్టుకుంటూనే వాడాను. చెయ్యి బల్ల మీద, చూపు తెర మీద. అది అలవాటయ్యేదాకా నా సంతకం నాకే గుర్తుపట్టలేనట్టు వచ్చేది. ఇష్టం మొదలైంది మాత్రం ఒక పొరపాటు వల్ల. ఒక మధ్యాహ్నం ట్రేసింగ్ పేపరు పలక మీద పడి ఉంటే, తీయడానికి బద్ధకించి దాని మీదే పెన్ను ఆడించాను. తెర మీద గీత పడింది. మామూలు ఎ4 కాగితం వేసి చూశాను, పడింది. రెండు కాగితాలు వేశాను, అప్పుడూ పడింది.

తర్వాత చదివితే కారణం తెలిసింది. పలక లోపల రాగి తీగల వల ఉంటుంది. అది విద్యుదయస్కాంత తరంగాలను పైకి పంపుతుంది. పెన్నులో ఉన్న చిన్న తీగచుట్ట వాటిని అందుకుని, ఆ శక్తితోనే బదులు పలుకుతుంది. ఆ బదులు ఎక్కడి నుంచి వచ్చిందో లెక్కగట్టి పలక పెన్ను జాగా తెలుసుకుంటుంది. పెన్నుకు బ్యాటరీ అక్కర్లేనిది ఇందుకే. మధ్యలో కాగితం ఉంటే ఆ తరంగాలకు లెక్కే లేదు.

తెలుగు అక్షరాలు గీసేవాళ్లకు ఇదెంత వరమో చెప్పలేను. అక్షరం వంపు నాకు కాగితం మీద, బ్రష్ పెన్నుతోనే కుదురుతుంది. అంతకుముందు దాన్ని ఫోనుతో ఫొటో తీసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, మౌసుతో చుక్క చుక్కా పట్టుకుని లాగేదాన్ని. ఇప్పుడు ఆ కాగితాన్నే పలక మీద వేసి, నాలుగు మూలలా టేపు అంటించి, పైనుంచి దిద్దుతాను. చిన్నప్పుడు పలక మీద అ ఆలు దిద్దించారే, అచ్చం అలాగే. తెలుగు ఫాంటుతో టైపు చేసిన ఫైలు ఇస్తే ఫ్లెక్సీ దుకాణంలో ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట తేలిన రోజులు చూశాను. దిద్దిన అక్షరం వట్టి బొమ్మ కాబట్టి ఎక్కడ తెరిచినా చెదరదు.

అయితే ఒక మెలిక ఉంది. పలక పొడవు వెడల్పుల నిష్పత్తి ల్యాప్‌టాప్ తెరతో కలవకపోతే సున్నా కోడిగుడ్డవుతుంది. మన లిపి నిండా గుండ్రాలే కనుక ఇది వెంటనే కంటికి కొడుతుంది. సెట్టింగుల్లో నిష్పత్తిని తెరకు సరిపెట్టే గడి ఒకటుంటుంది, దాని మీద టిక్కు పెట్టాలి. నాకు ఇది తెలిసేసరికి అరడజను పోస్టర్లు గుడ్డు సున్నాలతోనే సబ్మిట్ అయిపోయాయి.

ఇక అసలు కథ. మూడో సంవత్సరం చివర్లో హాస్టల్ వదిలి స్నేహితురాలితో అద్దె గదిలోకి మారాను. ఏప్రిల్ నెల, మర్నాడే జ్యూరీ, అంటే మా ప్రాజెక్టులను పరీక్షించే రోజు. ప్యాకేజింగ్ ప్రాజెక్టులో నాది ఆవకాయ డబ్బా. లేబుల్ మీద ‘కొత్తావకాయ’ అని పెద్ద అక్షరాలు రావాలి. కాగితం మీద బాగా కుదిరాయి. రాత్రి పదకొండుకు టేపు వేసి దిద్దడం మొదలుపెట్టాను. ‘వ’ గుండ్రంగా తిరగాల్సిన చోట గీత రంపపు పళ్లలా వచ్చింది. చెరిపి మళ్లీ గీశాను, మళ్లీ రంపమే. పెన్నును పలకకు తాకించకుండా కాస్త పైన పట్టుకుంటే, తెర మీద బాణం గుర్తు దీపం చుట్టూ దోమలా కొట్టుకుంటోంది.

పెన్ను మొన మార్చాను. పలకను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. వైరు మార్చాను. ఫోను అవతల గదిలో పెట్టొచ్చాను. చివరికి చేతి గాజులు కూడా తీసేశాను. స్నేహితురాలు ఒక కన్ను తెరిచి, “నిద్ర లేక నీ చెయ్యే వణుకుతోంది, పడుకో” అంది. నిజమేనేమో అనిపించింది కూడా. ఎందుకంటే కాలేజీలో పగలు గీస్తే గీతకు ఏ జబ్బూ లేదు. సాఫ్ట్‌వేర్‌లో గీతను సాపు చేసే సదుపాయం ఉంది. అది వాడితే వణుకు పోయింది, దాంతోపాటు తలకట్టు కొస కూడా మొద్దుబారి అరిగిపోయిన సబ్బులా తయారైంది.

పన్నెండున్నరకు కరెంటు పోయింది. ఏడుపొచ్చింది. చీకట్లో తెర ఒక్కటే వెలుగుతోంది. ఏమీ తోచక పెన్ను కదిపాను. గీత నూనె పోసినట్టు జారింది. ‘వ’ ఒక్క తిప్పులో వచ్చింది. నమ్మకం కుదరక ఇంకోటి గీశాను. అదీ వచ్చింది. మూలనపడబోతున్న ల్యాప్‌టాప్ బ్యాటరీ నలభై నిమిషాలకు మించి ఆగదు. ఆ నలభై నిమిషాల్లో, ఉక్కపోతలో, చెమట బొట్టు కాగితం మీద రాలకుండా మెడకు తువ్వాలు చుట్టుకుని ఐదు అక్షరాలూ దిద్దేశాను. ‘త’ కింద ఒత్తు మిగిలి ఉండగా కరెంటు వచ్చింది. స్నేహితురాలు ఫ్యాను తిరిగిందని సంతోషపడింది. నేను లేచి చార్జరు ప్లగ్గు పీకేశాను.

గీతను చెడగొట్టిన దొంగ చార్జరే. కాకపోతే తప్పు దానిది కాదు. మా ఎక్స్‌టెన్షన్ పెట్టెకు పైన మూడు రంధ్రాలు, తీగ చివరి ప్లగ్గుకు మాత్రం రెండే పుల్లలు. చార్జరు మూడో పుల్ల గాలిలో ఉన్నట్టే. చార్జింగులో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ అంచు తాకితే వేళ్లు జివ్వుమనేవి, పట్టించుకోలేదు. 350 రూపాయలు పెట్టి మంచి పెట్టె కొన్నా వణుకు పోలేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే గోడ బోర్డు విప్పి, “మూడో రంధ్రం వెనక తీగే లేదమ్మా, ఎర్త్ ఎక్కడిది?” అన్నాడు. గొయ్యి తవ్వి బొగ్గూ ఉప్పూ పోసి కొత్తగా ఎర్త్ వెయ్యాలట. ఇంటాయన ఆ మాట వినిపించుకోనట్టే ఉన్నారు.

కాబట్టి పైన బ్యాటరీ లేని పెన్నును మెచ్చుకున్న మాట కొంచెం సవరించుకోవాలి. పలకతో అది అంత మెల్లగా మాట్లాడుకుంటుంది కనుకే, చార్జరు పుట్టించే విద్యుత్ రొద ఎర్త్‌లోకి దిగే దారి లేక వైరు వెంట వచ్చి పడితే ఆ మాట చెదిరిపోతుంది. మాటిమాటికీ చార్జింగు పెట్టే తిప్పలు లేవన్నది నిజమే. నేనిప్పుడు పెన్నుకు బదులు ల్యాప్‌టాప్ బ్యాటరీని కాపలా కాస్తున్నానన్నదీ నిజమే. గుండ్రటి అక్షరాల పని చార్జరు తీసి, నిండు బ్యాటరీ మీద. రంగులు నింపడం, గళ్లు సర్దడం వంటివి చార్జరు పెట్టుకుని. కాగితం మీది దిద్దుడుకూ ఖరీదుంది. కాగితం గరుకుకు మొన ఉలిలా ఏటవాలుగా అరుగుతుంది, ఉత్త పలక మీద ఏడాది వచ్చే మొన నాకు మూడు నెలలకే పోయింది.

కొనవచ్చా అంటే, నాకైతే పెట్టిన డబ్బు ఎప్పుడో తిరిగొచ్చింది. నాది అక్షరాల పని, ఇల్లు అద్దెది, తెర ఉన్న టాబ్లెట్ కొనే స్తోమత లేదు. ముఖాలు, పాత్రలు గీసేవాళ్లకు చెయ్యీ చూపూ వేర్వేరు చోట్ల ఉండటం నా కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టవచ్చు. మా క్లాసులో ఇద్దరు ఆ కారణంతోనే ఇలాంటివి అమ్మేశారు. అన్నట్టు, జ్యూరీలో ఆ అక్షరాల గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. డబ్బా మూత రంగు మీద ఇరవై నిమిషాలు మాట్లాడారు.

మొన్న తమ్ముడు తనకూ ఇలాంటిది కావాలని ఫోను చేస్తే, ముందు నీ గది గోడలో ఎర్త్ ఉందో లేదో చూపించుకో అన్నాను. పెన్ను గురించి అడిగితే గోడ గురించి చెబుతావేమిటని వాడికి కోపం వచ్చింది.