అరుదైన పిట్ట కనిపిస్తే కెమెరా ముందా, నోట్‌బుక్ ముందా? గ్రూపులో పెట్టాలా, ఈబర్డ్‌లో ఎక్కించాలా?

కోరింగ మడ అడవుల వైపు పిట్టల్ని చూడ్డానికి కాకినాడ నుంచి, యానాం నుంచి, అమలాపురం నుంచి వచ్చే కొత్తవాళ్లు నన్ను తరచూ అడిగేవి రెండే ప్రశ్నలు. అరుదైన పిట్ట కనబడగానే ముందు కెమెరా తియ్యాలా, నోట్‌బుక్ తియ్యాలా? ఆ సంగతి వాట్సాప్ గ్రూపులో పెడితే సరిపోతుందా, చూసిన పిట్టల లెక్కలు దాచే ఈబర్డ్ యాప్‌లో కూడా ఎక్కించాలా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. ముందు కళ్లు, తర్వాత కెమెరా, ఆ వెనకే నోట్‌బుక్. రిపోర్టు మాత్రం ముందు ఈబర్డ్‌లో, ఆ తర్వాతే గ్రూపులో. ఎందుకలాగ అంటే నేను పోగొట్టుకున్న ఒక రికార్డు గురించి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట జనవరిలో ఒక పొద్దున్న భైరవపాలెం దగ్గర నావలో ఉన్నాం. పాటు మీద నీళ్లు తీసేసి, ఇసుక తిప్పలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. ఒక తిప్ప మీద టర్న్‌లనే నీటి పిట్టల గుంపు వాలి ఉంది. నావ నడిపే ఆయన చెయ్యి చాపి, "అయిగోండి మాస్టారూ, నీళ్లు కోసుకుంటా పోయే పిట్టలు" అన్నాడు. ఆయన చెప్పింది ఇండియన్ స్కిమ్మర్ గురించి. నేను గబగబా కెమెరా తీశాను. నావ ఊగుతోంది, ఎండ ఎదురు కొడుతోంది, ఫోకస్ కుదరట్లేదు. ముప్ఫై ఫోటోలు తీసేసరికి గుంపంతా లేచి మొగ వైపు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి చూస్తే అన్నీ మసకే. ఎర్రటి ముక్కు, నల్లటి తల, అంతే తెలుస్తోంది. ఉన్నవాటిలో మంచిది గ్రూపులో పెట్టాను. చప్పట్లు, దండాలు వరసగా వచ్చాయి. అప్పుడు ఒక పెద్దాయన నెమ్మదిగా అడిగారు: "ఎన్ని ఉన్నాయండీ? వీపు నలుపా, బూడిద రంగా?" నా దగ్గర జవాబు లేదు. క్యాస్పియన్ టర్న్‌కీ ఎర్ర ముక్కే, నల్ల తలే. చలికాలంలో అదీ అదే తిప్పల మీద వాలుతుంది. వీపు చూసి ఉంటే తేలిపోయేది. ముప్ఫై ఫోటోలు తీశాను గానీ పిట్టను ఒక్క క్షణం కూడా సరిగ్గా చూడలేదు.

అది చిన్న నష్టం కాదు. స్కిమ్మర్ చంబల్, మహానది లాంటి నదుల ఇసుక దిబ్బల మీద గుడ్లు పెట్టి, చలికాలంలో మన కాకినాడ తీరానికి వస్తుంది. ప్రపంచం మొత్తమ్మీద ఎదిగిన స్కిమ్మర్లు మూడు వేల లోపే ఉన్నాయని అంచనా. 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి మార్చింది. అలాంటి పిట్ట ఏ తిప్ప మీద, ఏ తేదీన, ఎన్ని ఉన్నాయన్న ఒక్కో లెక్కా విలువైనదే.

నిజానికి స్కిమ్మర్‌కి ఫోటో కూడా అవసరం లేదు. పది సెకన్లు బైనాక్యులర్‌తో చూసి నాలుగు ముక్కలు రాసుకుంటే చాలు: కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగు, నారింజ రంగు ముక్కుకి కొస పసుపు, వీపు నలుపు, మెడ చుట్టూ తెలుపు, కింది ముక్కుతో నీటి మీద గీత గీసుకుంటూ ఎగిరింది. ఇది చదివిన ఎవరికీ వేరే పిట్ట గుర్తు రాదు.

కానీ బురద మేటల మీద తిరిగే చిన్న పిట్టల దగ్గరికి వస్తే నా మాట మారుతుంది. ఉల్లంకి పిట్టల గుంపులో గ్రేట్ నాట్‌ని వెతుకుతున్నారనుకోండి. సైబీరియాలో గుడ్లు పెట్టే ఈ పిట్ట దారిలో చైనా, కొరియాల మధ్య ఉన్న ఎల్లో సీ తీరాన మేతకు ఆగుతుంది. అక్కడి బురద మైదానాలను పూడ్చేయడంతో దాని సంఖ్య బాగా పడిపోయింది. 2015 నుంచి ఇదీ ప్రమాదపు జాబితాలోనే ఉంది. చలికాలంలో అది బూడిద రంగులో ఉంటుంది, దూరానికి పక్కనున్న పిట్టలూ అదే రంగు. ముక్కు పొడవు, రొమ్ము మీద చుక్కలు, ఎగిరినప్పుడు తోక మొదట్లో తెలుపు, ఇవన్నీ మాటల్లో ఎంత రాసినా చదివేవాళ్లకు అనుమానం తీరదు. ఇక్కడ ఫోటో ఉండాల్సిందే. అందంగా రానక్కర్లేదు, ముక్కూ వీపూ తెలిస్తే చాలు. పిట్టల్ని చూసే టెలిస్కోప్ కంటికి ఫోన్ ఆనించి తీసినా సరిపోతుంది.

కాలికి పరిశోధకులు వేసిన ఉంగరం గానీ రంగు జెండా గానీ ఉంటే మాత్రం ఏ పిట్టకైనా ఫోటోనే ముందు. ఏ కాలికి, కీలుకి పైనా కిందా, ఏ రంగు మీద ఏ రంగు, దాని మీద అక్షరాలేంటి, ఇవన్నీ జ్ఞాపకంలో తారుమారవుతాయి. మన దేశంలో వేసే లోహపు ఉంగరాల మీద బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పేరు ఉంటుంది. ఆ నంబరు వాళ్లకు పంపితే ఆ పిట్టకు ఎక్కడ, ఎప్పుడు ఉంగరం వేశారో తెలుస్తుంది.

నోట్స్ విషయంలో ఒక్కటే పట్టుదల నాది. పిట్టల బొమ్మల పుస్తకం తెరవకముందే రాయాలి. పుస్తకంలో బొమ్మ చూశాక, మనం చూడనిది కూడా చూశామనే అనిపిస్తుంది. పిట్టల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్ ఇది ఫలానా పిట్ట అని చెప్పాక కూడా అంతే. యాప్ చెప్పిన పేరు వెతకడానికి దారి చూపిస్తుంది, రుజువు కాదు. చేతులు ఖాళీ లేకపోతే ఫోన్‌లో వాయిస్ రికార్డు పెట్టి గట్టిగా చెప్పండి. నేను ఇప్పుడు నావలో అదే చేస్తున్నాను, నావ నడిపే ఆయన మాటలు కూడా అందులో పడతాయి. ఆయన చూసినవి చాలాసార్లు నేను చూసినవాటి కంటే ఎక్కువ.

ఇక రిపోర్టు. గ్రూపులో పెడితే వేగం. పది నిమిషాల్లో పక్క ఊరి వాళ్లు బయల్దేరి వచ్చి ఇంకోసారి చూడగలరు, అనుమానం ఉంటే పెద్దవాళ్లు తేల్చగలరు. ఆ మేలు నేను కాదనను. కానీ అక్కడితో ఆగితే ఆ రికార్డు మిగలదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపిన బొమ్మలో కెమెరా రాసుకున్న తేదీ, చోటు ఉండవు. నేను రెండేళ్ల తర్వాత ఆ స్కిమ్మర్ ఫోటో తేదీ కోసం వెతికితే దొరకలేదు. ఈలోగా ఫోన్ కూడా మారిపోయింది.

ఈబర్డ్ 2002లో కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ మొదలుపెట్టింది. మన దేశంలో ఆ పనిని బర్డ్ కౌంట్ ఇండియా చూసుకుంటుంది. అందులో ఎక్కించాలంటే ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ఎంతసేపు, ఎంత దూరం నడిచారు, గుర్తించిన పిట్టలన్నీ రాశారా అని అడుగుతుంది. మొదట్లో చిరాకుగా ఉంటుంది. కానీ ఆ చిరాకులోనే దాని బలం ఉంది. మూడు గంటలు తిరిగితే ఒక్క స్కిమ్మర్ కూడా లేదన్నది కూడా ఒక లెక్కే, అది గ్రూపులో ఎవరూ పెట్టరు. సిగ్నల్ లేకపోయినా యాప్ పనిచేస్తుంది, మడ అడవిలో జాబితా పూర్తి చేసి తాళ్లరేవు వచ్చాక పంపొచ్చు.

అరుదైన పిట్ట రాస్తే వివరం అడుగుతుంది. తర్వాత ఒక వాలంటీరు దాన్ని పరిశీలిస్తారు. ఆయన ప్రశ్న పంపిస్తే కొందరు బాధపడతారు, "నన్ను నమ్మరా?" అని. నమ్మకం సంగతి కాదది. పదేళ్ల తర్వాత ఆ లెక్క చూసేవాళ్లు మనల్ని ఎరగరు, మనం రాసిందే వాళ్లకు దిక్కు. పిట్ట ఏదో అసలు తెలియకపోతే ఐనాచురలిస్ట్ అనే యాప్ మేలు. ఫోటో పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు. ప్రమాదంలో ఉన్న జాతి అయితే అసలు చోటు బయటికి కనిపించకుండా తనే మరుగుపరుస్తుంది. అయితే ఎంతసేపు వెతికారు, ఇంకేమున్నాయి అన్న లెక్క అందులో రాదు.

ఒక్క సందర్భంలో ఈ వరసంతా పక్కన పెట్టేస్తాను. ఎండాకాలంలో గోదావరి ఇసుక తిన్నెల మీద రివర్ టర్న్‌లు, లిటిల్ టర్న్‌లు నేల మీదే గుడ్లు పెడతాయి. ఇసుక రంగు గుడ్లు, అడుగు దూరంలో ఉన్నా కనబడవు. మనిషి దగ్గరికొస్తే తల్లి లేస్తుంది, ఆ ఎండకి గుడ్లు ఉడికిపోతాయి. కుక్కలూ కాకులూ ఆ సందు కోసమే చూస్తుంటాయి. అలాంటి చోటు గ్రూపులో పెడితే ఆదివారానికల్లా పది కెమెరాలు అక్కడుంటాయి. గూడు కనిపిస్తే నేను దూరం నుంచే లెక్క రాసుకుని వెనక్కి తిరుగుతాను, గ్రూపులో ఒక్క మాటా రాయను. ఏప్రిల్‌లో చూసినదాన్ని, పిల్లలు ఎగిరిపోయి తిన్నె మీదికి వరద నీళ్లొచ్చాక, ఏప్రిల్ తేదీతోనే ఈబర్డ్‌లో ఎక్కిస్తాను.