క్రాష్‌లకు దారితీసే జీసీసీ ఆప్షన్లు: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

సీ, సీ++ ప్రోగ్రాముల కోసం జీసీసీ కంపైలర్‌ను (రాసిన కోడ్‌ను యంత్రం నడిపే ఫైల్‌గా మార్చే సాధనాన్ని) చాలా ఏళ్లుగా వాడుతున్నాను. ప్రోగ్రాం వేగంగా నడిచేలా ఇది చేసే ఆప్టిమైజేషన్ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. అయితే కొన్ని ఆప్షన్లను వాటి షరతులు తెలుసుకోకుండా పెడితే ప్రోగ్రాం కుప్పకూలుతుంది.

ఎక్కువగా నింద పడేది ఓ3 (ఎక్కువ ఆప్టిమైజేషన్ కోరే ఆప్షన్) మీదే, కానీ నేను చూసిన క్రాష్‌లలో దాదాపు అన్నింటికీ మూలం కోడ్‌లోనే ఉంది. బైట్ల బఫర్ మధ్యలోని ఒక బేసి చిరునామాను పూర్ణాంకాల పాయింటర్‌గా మార్చి లూప్‌లో చదివితే, ఎక్స్86 ప్రాసెసర్ మీద ఆప్టిమైజేషన్ లేనప్పుడు అది ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది. ఓ3లో కంపైలర్ అదే లూప్‌ను వెక్టరైజ్ చేసి (ఒకేసారి పలు విలువల మీద పనిచేసేలా మార్చి), చిరునామా సరైన హద్దు మీదే ఉంటుందన్న భరోసాతో 16 బైట్ల హద్దును (16తో భాగించదగిన చిరునామాను) కోరే ఇన్‌స్ట్రక్షన్‌ను వాడినప్పుడు, సెగ్మెంటేషన్ ఫాల్ట్ (మెమరీ తప్పుతో ప్రోగ్రాం ఆగిపోవడం) వస్తుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే ఇలా జరగడం వల్ల కంపైలర్‌ను అనుమానించడం సహజమే. జీసీసీ 8 నుంచి సీ++లో మరో తేడా వచ్చింది: విలువ ఇవ్వాల్సిన ఫంక్షన్‌లో రిటర్న్ మరిచిపోతే, ఆప్టిమైజేషన్ ఉన్నప్పుడు ఫంక్షన్ చివరి భాగం తొలగిపోయి, అమలు పక్కనున్న కోడ్‌లోకి జారిపోవచ్చు. దీని గురించి కంపైలర్ ముందే హెచ్చరిస్తుంది కాబట్టి ఆ హెచ్చరికను ఎర్రర్‌గా మార్చుకోవడం మేలు.

నేను నిజంగా భయపడే ఆప్షన్ ప్యాక్-స్ట్రక్ట్, అంటే స్ట్రక్చర్ సభ్యుల మధ్య ఖాళీలను తీసేసేది. మన కోడ్‌ను దానితోనూ, లైబ్రరీని అది లేకుండానూ కంపైల్ చేస్తే, ఒకే స్ట్రక్చర్ రెండు చోట్ల రెండు అమరికల్లో ఉంటుంది. ఈ భాగాలను కలిపే లింకర్ ఏమీ అనదు, క్రాష్ మాత్రం అసలు కారణానికి ఎక్కడో దూరంగా బయటపడుతుంది. దీన్ని మొత్తం ప్రోగ్రాంకు ఎప్పుడూ పెట్టకూడదు. కంపైల్ చేసే యంత్రపు ప్రాసెసర్‌కు తగ్గట్టు కోడ్ తయారు చేసే మార్చ్-నేటివ్ ఇంత మోసకారి కాదు: ఏవీఎక్స్-512 ఇన్‌స్ట్రక్షన్లు ఉన్న యంత్రం మీద తయారైన ఫైల్, అది లేని యంత్రం మీద ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అంటూ ఆగిపోవచ్చు. వేగం కోసం దశాంశ లెక్కల నియమాలను సడలించే ఫాస్ట్-మ్యాత్ క్రాష్ కన్నా తప్పుడు ఫలితాలే ఎక్కువగా ఇస్తుంది.

పాత కోడ్‌కు ఓ2తో (ఓ3 కన్నా ఒక మెట్టు తక్కువ ఆప్టిమైజేషన్‌తో) పాటు నో-స్ట్రిక్ట్-ఏలియాసింగ్ పెట్టమంటాను; వేర్వేరు రకాల పాయింటర్లు ఒకే మెమరీని చూపవన్న ఊహను ఇది ఆపేస్తుంది. లినక్స్ కెర్నల్ కూడా ఆ ఆప్షన్‌తోనే కంపైల్ అవుతుంది. పరీక్షల కోసం అడ్రస్, అన్‌డిఫైన్డ్ శానిటైజర్లతో (నడుస్తుండగా మెమరీ తప్పులను, భాష నియమాల ఉల్లంఘనలను పట్టుకునే తనిఖీలతో) విడిగా ఇంకో బిల్డ్ ఉంచుకోవాలి. అది నెమ్మదిగా నడుస్తుంది, మెమరీ కూడా ఎక్కువ తీసుకుంటుంది. అయినా పైన చెప్పిన బేసి చిరునామా లాంటి తప్పును ఫైలు పేరుతో, లైను నంబరుతో సహా చూపిస్తుంది.