అమావాస్య రాత్రి టొమాలెస్ బే ఒడ్డున: కయాక్ క్యాంపింగ్ అనుభవం

మేం నలుగురం టొమాలెస్ బేకి వెళ్లింది నీళ్లలో వెలుగు చూడటానికి. శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరంగా, పాయింట్ రేయెస్ నేషనల్ సీషోర్ అనే సముద్రతీర పార్కుని ఆనుకుని ఉన్న సన్నటి సముద్రపు పాయ ఇది. పొడవు సుమారు 15 మైళ్లు, వెడల్పు మైలుకి అటూ ఇటూ. వేసవి చివరి రాత్రుల్లో ఇక్కడి నీళ్లను కదిలిస్తే మెరుస్తాయి. కంటికి ఆనని సూక్ష్మజీవులు కదలిక తగలగానే నీలి వెలుగు విడుస్తాయి. వెన్నెల ఉంటే ఆ వెలుగు సరిగా కనిపించదు. అందుకని పోలాల అమావాస్య వారాంతానికి కలిసొచ్చిందని చూసుకుని, ముందే పర్మిట్ తీసుకున్నాం. పడవలో వెళ్లి ఒడ్డున టెంట్ వేసుకోవాలంటే రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో పర్మిట్ తప్పనిసరి. వేసవి శనివారాలు తొందరగా నిండిపోతాయి.

అమావాస్యకి చీకటితో పాటు పెద్ద పోటు కూడా వస్తుందన్న సంగతి మాలో ఒక్కడికే గుర్తుంది. వాడిది కాకినాడ దగ్గర ఉప్పాడ. సముద్రం ఇళ్లను కోసుకుపోవడం చిన్నప్పటి నుంచి చూసినవాడు. మిగతా ముగ్గురం వాతావరణం యాప్ చూసి, ఎండ బాగుంటుందని సంబరపడ్డాం.

కయాక్‌లు, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు, తూర్పు ఒడ్డున మార్షల్ అనే ఊరి వైపు ఒక దుకాణంలో అద్దెకు తీసుకున్నాం. ఇద్దరిద్దరు కూర్చునేవి రెండు. పడితే కయాక్‌లోంచి ఎలా బయటికి రావాలో, మళ్లీ ఎలా ఎక్కాలో దుకాణం అబ్బాయి ఓపిగ్గా నేర్పాడు. మాలో ఒకరికి ఈత అంతంత మాత్రం. లైఫ్ జాకెట్ పట్టీలు తనే బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి మరీ చూశాడు. ఆ విషయంలో నూటికి నూరు మార్కులు. కానీ మాకిచ్చిన ఒక కయాక్‌లో సామాను పెట్టుకునే వెనక అర మూతకి రబ్బరు అంచు పగిలి ఉంది. మేం చూసుకోలేదు, వాళ్లూ చెప్పలేదు. పాయ దాటి పడమటి ఒడ్డుకి చేరేసరికి ఆ అరలో మూడు వేళ్ల లోతు నీళ్లు. స్లీపింగ్ బ్యాగ్ నీళ్లు చొరబడని డ్రై బ్యాగ్‌లో ఉండబట్టి బతికింది, బియ్యం పొట్లం తడిసిపోయింది. రాత్రి ఒడ్డున పడుకోబోయేవాళ్లకి తడిసిన సామాను అంటే చలికి వణకడమే. కయాక్ తీసుకునేటప్పుడు ఆ రబ్బరు చుట్టూ వేలు పెట్టి తడిమి చూడండి. పగులు వేలికి తెలుస్తుంది.

ఇంకో తప్పు మాదే. తొమ్మిదికి దిగుదామనుకున్నవాళ్లం పన్నెండున్నరకి దిగాం. ఇక్కడ వేసవి మధ్యాహ్నాలు వాయవ్యం నుంచి గాలి లేస్తుంది. ఉదయం అద్దంలా ఉండే నీళ్లు ఒంటిగంటకల్లా తెల్లటి నురగ తలలతో లేచాయి. అలలు కుడి చేతి వైపు ముందు నుంచి కొడుతుంటే, తెడ్డు వేసిన ప్రతిసారీ కయాక్ ముక్కు పక్కకి తిరిగిపోతోంది. మైలు దూరానికి గంట పట్టింది. టెన్షన్‌లో ఎవరూ మాట్లాడలేదు. నీళ్లు వేసవిలో కూడా గడ్డకట్టించేంత చల్లగా ఉంటాయి. చల్లటి నీళ్లలో ఒంటిని వెచ్చగా ఉంచే వెట్‌సూట్ అద్దె దగ్గర పొదుపు చేయొద్దు.

ఆ మైలు దూరం దాటడం అంటే ఒక భూఫలకం మీంచి ఇంకో దాని మీదకి వెళ్లడం. ఆ రెంటి మధ్య పగులు, శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్, ఈ పాయ కిందనుంచే పోతుంది. తూర్పు ఒడ్డు ఉత్తర అమెరికా ఫలకం, పడమటి ఒడ్డు పసిఫిక్ ఫలకం. 1906 భూకంపంలో దగ్గర్లోనే, ఒలీమా ప్రాంతంలో నేల 15 అడుగులకు పైగా పక్కకి జరిగింది. నడుమ నీళ్లలో ఉన్నప్పుడు ఆ సంగతి తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

ఇక ఎక్కడ దిగాలన్నది. పడమటి ఒడ్డున పడవలో వచ్చేవాళ్లు టెంట్లు వేసుకునే చిన్న చిన్న ఇసుక తిన్నెలు చాలా ఉన్నాయి. మరుగుదొడ్డి ఉన్నవి రెండే, మార్షల్ బీచ్, టొమాలెస్ బీచ్. మిగతా చోట్ల మీ మలాన్ని మీరే సంచిలో పెట్టుకుని వెనక్కి తేవాలి, అది నిబంధన. మంచినీళ్లు ఎక్కడా దొరకవు. మార్షల్ బీచ్ వెడల్పుగా ఉంటుంది, పిల్లలున్నవాళ్లకి అదే మేలు. కానీ 1.2 మైళ్ల కాలిబాటలో నడిచి కూడా అక్కడికి చేరొచ్చు, కాబట్టి పగలంతా జనం వస్తూ పోతూ ఉంటారు. శనివారం మేం పక్కనుంచి వెళ్తూ చూస్తే ఐదారు టెంట్లు లేచి ఉన్నాయి, ఎవరిదో స్పీకర్ మోగుతోంది. ఏకాంతం కోసం వచ్చాం కదా అని ఇంకాస్త ఉత్తరాన, వెనక మట్టి గోడలా కొండచరియ ఉన్న చిన్న తిన్నె మీద దిగాం. అందం విషయంలో అది నిజంగా గొప్ప చోటు. వెడల్పే లేదు.

టెంట్లు వేయడానికి నీళ్లకి దగ్గరగా చదునైన ఇసుక కనిపించింది. దుకాణంలో అడిగితే ‘ఆ బీచ్‌లన్నీ బాగానే ఉంటాయి’ అన్నారు, పోటు మాట ఎత్తలేదు. నేను మేకులు కొట్టడం మొదలుపెట్టాను. ఉప్పాడవాడు సామాను కింద పెట్టకుండానే చరియ దాకా నడిచి, వంగి చూసి, అక్కణ్ణుంచే అరిచాడు.

“ఒరేయ్, మేకులు పీకు. గడ్డి గీత నీ టెంట్‌కి పైనుంది.”

ఎండిన సముద్రపు గడ్డి, చిన్న గవ్వలు, పుల్లలు ఒక వరసలో పడి ఉన్నాయి. కిందటి పోటు నీళ్లు ఆగిన చోటది. నేను ఎంచుకున్న చోటు దానికి రెండు బారలు కింద. పైగా ఆ రాత్రి పోటు టైడ్ టేబుల్‌లో, అంటే పోటు వేళలు, ఎత్తులు చెప్పే పట్టికలో, దాదాపు ఆరడుగులు, అర్ధరాత్రి దాటాక. రెండు టెంట్లూ చరియకి అతుక్కున్నట్టు వేశాం. ఒక వైపు వాలుగా, సరిగా పడుకోవడానికి కూడా లేదు. వాడు మూడు పుల్లలు ఏరుకొచ్చి, నీళ్ల నుంచి టెంట్ల వైపు మూరెడు దూరానికొకటి చొప్పున ఇసుకలో గుచ్చాడు.

పులిహోర, ఆవకాయ అన్నం తిని తొమ్మిదిన్నరకి మళ్లీ నీళ్లలోకి దిగాం. ఒడ్డు వెంబడే, పది గజాలు దాటకుండా. మొదట ఏమీ కనిపించలేదు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక తెడ్డు దింపిన చోట పాలపొంగులాంటి నీలి వెలుగు సుడి తిరిగింది. తెడ్డు పైకెత్తితే అంచు నుంచి జారే ఒక్కో చుక్కా నీళ్లలో పడి వెలిగింది. చెయ్యి ముంచి తీస్తే మణికట్టు మీద చుక్కలు రెండు క్షణాలు మెరిసి ఆరిపోయాయి. కయాక్ కింద నుంచి చేప ఒకటి దూసుకుపోతే దాని దారంతా గీత గీసినట్టు కనిపించింది. ఈత అంతగా రాని మా స్నేహితురాలు గంటసేపు తెడ్డు పక్కన పెట్టేసి చేతులతోనే నీళ్లు కదుపుతూ కూర్చుంది. ఆవిడ మొహం నాకు కనిపించలేదు కానీ, నవ్వుతున్నట్టు గొంతులో తెలిసింది.

పదకొండుంపావుకి మొదటి పుల్ల పోయింది. పన్నెండున్నరకి రెండోది. వంటసామాను డబ్బా కిందే మరిచిపోయాం, అది తేలుతుంటే మోకాలి లోతు నీళ్లలోకి దిగి పట్టుకున్నాను. ఒంటిగంటప్పుడు పోటు నిలిచింది, మూడో పుల్లకి జానెడు దూరంలో. సాయంత్రం నేను మేకులు కొట్టిన చోట అలలు విరుగుతున్నాయి, విరిగిన ప్రతి అలా నీలంగా వెలుగుతోంది. నేను పడుకోవాలనుకున్న చోటు అది. టెంట్ ముందు కూర్చుని చాలాసేపు చూశాను.

తెల్లారేసరికి నీళ్లు ఎక్కడో ఉన్నాయి. పెద్ద పోటు తర్వాత పెద్ద ఆటు. పచ్చటి గడ్డి, బురద బయటపడ్డాయి. నిండు కయాక్ మోయలేం కాబట్టి సామానంతా విడిగా మోసి, తర్వాత కయాక్‌లు మోశాం. తిండి గట్టి డబ్బాల్లో పెట్టాం కాబట్టి రకూన్లు మా జోలికి రాలేదు, బయట వదిలేసిన చిప్స్ ప్యాకెట్ మాత్రం పోయింది. ఏడున్నరకి, పొగమంచులో, గాలి ఊసు లేని నీళ్ల మీద పాతిక నిమిషాల్లో దాటేశాం. సీల్‌లు తలలు పైకెత్తి చూస్తూ ఉన్నాయి.

కయాక్ ఎప్పుడూ ఎక్కనివాళ్లకి నా సలహా గైడ్‌తో వెళ్లే రాత్రి టూర్. వెలుగు చూపించి అదే రాత్రి వెనక్కి తెస్తారు. నిద్ర, సామాను గొడవ ఉండదు. రాత్రి ఉండాలనుకుంటే మొదటిసారి మార్షల్ బీచ్‌కే వెళ్లండి, స్పీకర్ మోగినా సరే. మేం దిగినలాంటి చిన్న తిన్నె మీదకి అమావాస్యనాడు వెళ్లాలంటే మాత్రం ముందు టైడ్ టేబుల్, తర్వాతే ఫొటోలు. నాకైతే ఆ తిన్నె మీదకే మళ్లీ వెళ్లాలని ఉంది, పోటు చిన్నదిగా ఉండే శుద్ధ సప్తమికో అష్టమికో, సగం చందమామ అస్తమించాక.

దుకాణంలో పగిలిన రబ్బరు చూపిస్తే సారీ చెప్పి, ఆ కయాక్ అద్దె సగం తిరిగిచ్చారు. పాయింట్ రేయెస్ స్టేషన్ అనే ఊరు చేరాక ఫోన్లకి సిగ్నల్ వచ్చింది. కాఫీ తాగుతూ మావాడు వాళ్లమ్మకి ఫోన్ చేసి, నీళ్లు ఎంతదాకా వచ్చాయో చెబుతున్నాడు. స్పీకర్‌లో ఆవిడ గొంతు మాకూ వినపడింది.

“అక్కడా అమాసకే పోటొత్తాదేంట్రా?”