లోపలి గదికి 5 స్టార్లు, ముందు గదికి 1: బోర్డ్ అవుట్ అయ్యాక నేను వెళ్లిన పెన్షన్ సలహా కేంద్రం

ఆఫీసు ఒకటే, గదులు రెండు. రెండింటికీ కలిపి ఒకే రేటింగ్ ఇవ్వడానికి మనసొప్పలేదు. పేరు మాత్రం రాయను, ముందు గది గురించి చెప్పాల్సింది ఉంది కాబట్టి.

నేను 2012లో సైన్యంలో సమాచార సంబంధాలు చూసే సిగ్నల్స్ విభాగంలో చేరాను. 11 ఏళ్ల సర్వీసు తర్వాత, 2023 మార్చిలో నడుం డిస్క్ వల్ల మెడికల్ బోర్డు ఇంటికి పంపింది. దీన్నే బోర్డ్ అవుట్ అంటారు. వైకల్యం 30 శాతం అని రాసి, పక్కనే ‘సర్వీసు వల్ల రాలేదు, సర్వీసులో ముదరలేదు’ అని కూడా రాశారు. ఆ ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి ఫౌజులో దీన్ని పొట్టిగా ‘నానా’ అంటారు. పేరుకు తగ్గట్టే నానా తిప్పలూ పెట్టింది. పదేళ్లు దాటాయి కాబట్టి, ఆరోగ్యం బాగోక పంపేసినవాళ్లకిచ్చే ఇన్‌వాలిడ్ పెన్షన్ వస్తోంది, వైకల్యానికి విడిగా కలిపే డిసెబిలిటీ ఎలిమెంట్ మాత్రం లేదన్నారు. ఆ ఉత్తరం బీరువాలో పడేసి నాలుగు నెలలు దాని మొహం చూడలేదు.

లోపలి గదిలో ఉండేది ఒక రిటైర్డ్ సుబేదార్ సాబ్, క్లర్క్ ట్రేడ్. ముందు డిశ్చార్జ్ తేదీ అడిగారు. 2023 సెప్టెంబర్ 21 తర్వాత బయటికొచ్చినవాళ్లకు కొత్త నిబంధనలట, నాకు పాతవే. తర్వాత బోర్డు పేపర్లు, అంటే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16, తీసుకుని చివరి పేజీ నుంచి వెనక్కి చదివారు. డాక్టర్ కారణం రాసిన చోట స్కేలు పెట్టి ఆగారు. అక్కడున్నది ఒక్కటే మాట: ‘కాన్‌స్టిట్యూషనల్’. అంటే నా ఒంటి తత్వమే అంత అని.

“చేరేటప్పుడు నీ నడుం గురించి ఏమైనా రాశారా బాబూ?”

“లేదు సాబ్, షేప్-1, పూర్తి ఫిట్.”

“మరి ఈ తత్వం ఇన్నేళ్లూ ఎక్కడ దాక్కుంది?”

అప్పుడు 2013 నాటి ధరమ్‌వీర్ సింగ్ కేసు తీశారు. ఆయనదీ సిగ్నల్సే. 1985లో చేరి, 1994లో మూర్ఛ జబ్బుతో, 20 శాతం వైకల్యంతో బయటికొచ్చిన సిపాయి. చేరేటప్పుడు కాగితాల్లో జబ్బు ప్రస్తావన లేకపోతే, తర్వాత వచ్చింది సర్వీసు వల్లేనని అనుకోవాలి, కాదని చూపించే బాధ్యత సైన్యానిదే, సిపాయిది కాదు అంది సుప్రీంకోర్టు. లెక్క కూడా కాగితం మీద వేసి చూపించారు. నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు. బోర్డ్ అవుట్ అయినవాళ్లకు 20 నుంచి 50 లోపు ఉంటే 50గా పరిగణిస్తారు. అంటే నాకు జీతంలో 15 శాతం. తిరస్కరణ ఉత్తరం వచ్చిన 6 నెలల్లోపు మొదటి అప్పీలు పెట్టాలి, దానికి ఫీజు లేదు. రెండు పేజీల డ్రాఫ్ట్ చేత్తోనే రాసిచ్చారు. రూ. 1,500 తీసుకున్నారు. ఇంకో వెయ్యి అడిగినా ఇచ్చేవాణ్ణే. అప్పీలుకు జవాబు ఇంకా రాలేదు, అది వేరే సంగతి.

ఇక ముందు గది. టై కట్టుకున్న కుర్రాడొకడు నవ్వుతూ బాండ్ పేపర్ జరిపాడు: వచ్చే ఎరియర్స్‌లో 10 శాతం వాళ్లకట! సంతకం పెట్టలేదు. తర్వాత ‘కెరీర్ కౌన్సెలింగ్’ అని సెక్యూరిటీ గార్డు ఫారం ఇచ్చాడు. డిస్క్ పోయి వచ్చినవాడికి 12 గంటలు నిలబడే డ్యూటీ. అదేంటని అడిగితే, బ్యాంకు ఉద్యోగాల్లో వికలాంగ మాజీ సైనికులకు 4.5 శాతం రిజర్వేషన్ ఉంది, అది మీకే అన్నాడు. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, అది శత్రువుతో పోరులోనో, కల్లోలిత ప్రాంతాల్లోనో గాయపడ్డవాళ్లకు. నా డిస్క్ వైర్‌లెస్ సెట్లు మోసి పోయింది, తూటా తగిలి కాదు. నమ్మి ఆ కాలమ్‌లో టిక్ పెట్టి ఉంటే ఫారం అక్కడే పోయేది.

నాకు పనికొచ్చే ముక్క జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయంలో ఊరికే దొరికింది. క్లర్క్ పోస్టుల్లో మాజీ సైనికుల వాటా ఆ 4.5తో కలిపి 14.5 శాతం, మిగతా 10 శాతంలో నేనూ పోటీ పడొచ్చు. వయసులో సర్వీసు కాలం, దాని మీద ఇంకో 3 ఏళ్లు సడలిస్తారు. బ్యాంకు క్లర్క్‌కు 28 పరిమితి చూసి ఆశ వదులుకున్న నాకు ఈ ముక్క ముందే తెలిసుంటే ఒక నోటిఫికేషన్ చేజారేది కాదు. ఇప్పుడు చదువుతున్నా. గంటకోసారి లేచి నడవాలి, అంతే.

సుబేదార్ సాబ్ మంగళ, శుక్రవారాల్లోనే వస్తారు. కాగితాలు రెండు వైపులా జిరాక్స్ తీయించుకుని వెళ్లండి. బయట రెండు గంటలు కూర్చోవాల్సి వస్తుంది, ఆ బెంచీకి మాత్రం వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు.