ఆటోనగర్‌లో పాత కార్ల షెడ్డు: పనికి వంక పెట్టలేం, టైమ్ మాత్రం అడక్కండి

విజయవాడలో పాత కార్లు ఎక్కడ కనిపిస్తాయని ఎవరడిగినా నేను ఒకటే చెబుతా. వింటేజ్ ర్యాలీ ఎప్పుడు పెడతారా అని ఎదురుచూడకండి, మామూలు రోజున పొద్దున్నే జవహర్ ఆటోనగర్ వెళ్ళి, లారీ బాడీలు కట్టే షెడ్లు దాటాక లోపలి రోడ్లలో కాసేపు నడవండి చాలు. ఆ రోడ్లలో పాత కార్లు రిపేరు చేసే ఒక షెడ్డు గురించే ఈ రివ్యూ. పేరు రాయడం లేదు, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. ఎలాగూ బోర్డు మీదున్న పేరుతో దాన్ని పిలిచేవాళ్ళు ఎవరూ లేరు, "పాత కార్ల బాబాయ్ షెడ్డు" అంటే ఆ చుట్టుపక్కల టీ కొట్టువాడు కూడా దారి చెబుతాడు.

రేకుల షెడ్డు, పెద్దదేం కాదు. లోపల మూడు బళ్ళు పడితే ఎక్కువ, మిగతావన్నీ బయట రోడ్డు పక్కనే, మాలాంటి వాళ్ళకి కావలసింది కూడా అదే. ఓనరే హెడ్ మేస్త్రీ, ఆ బాబాయ్ ఈయనే, అరవై దాటిన మనిషి. స్కానర్లు, లాప్‌టాప్‌లు లేవు. 2000 తరవాత వచ్చిన బండి తీసుకెళ్తే "దీనికి కంపెనీ సర్వీసుకి పో బాబూ, నాకు తెలీదు" అని మొహమాటం లేకుండా చెప్పేస్తాడు. తెలియనిది తెలియదనే మెకానిక్ దొరకడమే కష్టంగా ఉన్న రోజుల్లో ఇది నాకు బాగా నచ్చింది.

నేను తీసుకెళ్ళింది మా మామగారి ప్రీమియర్ పద్మిని. ఊళ్ళో అందరూ ఫియట్ అనే అంటారు, అది నిజమే కదా, 1964లో బొంబాయి కుర్లాలో ఫియట్ 1100 డిలైట్ పేరుతో మొదలైన బండే తరవాత పద్మిని అయింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు. మాదానికి ఉన్న రోగాలు మూడు: ఇంజను వేడెక్కాక ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు, స్పీడు పెంచితే స్టీరింగ్ వణుకుతుంది, డ్రైవర్ కాళ్ళ కింద రేకు తుప్పు పట్టి రోడ్డు కనిపిస్తోంది. ఇంతకుముందు చూపించిన ఇంకో చోట ఇంజను దించాలి, బోరింగ్ చేయించాలి అని పెద్ద లెక్క చెప్పారు.

బాబాయ్ ఇంజను జోలికే పోలేదు. ముందు బండిలో ఇంజనుకి పెట్రోలు తోడే పంపు మీద తడిగుడ్డ వేసి బండి స్టార్ట్ చేయించాడు, అయింది. బెజవాడ ఎండలో పంపు దగ్గర పెట్రోలు ఆవిరైపోయి లైన్లో గాలి పట్టేస్తుందట, పాత అంబాసిడర్ డ్రైవర్లంతా వేసవిలో గుడ్డ, నీళ్ళ సీసా పెట్టుకుని తిరిగేది అందుకే. ఆ తరవాత ఇంజనుకి పెట్రోలు, గాలి కలిపి ఇచ్చే కార్బరేటర్ విప్పాడు. నేను అక్కడే స్టూలు మీద కూర్చుని చూశా. పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రం ఉన్న జెట్టు ఊడదీసి, పెట్రోల్లో కడిగి, నోటితో ఊది, ట్యూబ్‌లైట్ వైపు పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. కుర్రాడు పిన్నీసు అందించబోతే చెయ్యి మీద ఒకటిచ్చాడు. జెట్టులో ఇనప ముక్క పెట్టకూడదట, ఇత్తడి మెత్తన కాబట్టి రంధ్రం కాస్త పెద్దదైనా చాలు, ఇక ఆ బండి జన్మంతా పెట్రోలు తాగుతూనే ఉంటుంది. స్పార్క్‌కి కరెంటు కలిపి తెంపే ప్లాటినం పాయింట్లు సన్న ఎమెరీ కాగితంతో రుద్ది, గ్యాపు సరిచేసి, కండెన్సర్ మార్చాడు. బండి నిలబడి ఆడుతున్నప్పుడు చక్‌చక్‌మని వచ్చే ఆ సౌండు సమంగా వచ్చేదాకా స్క్రూ తిప్పుతూనే ఉన్నాడు, అది సెట్టయ్యాక గానీ ఫోన్ ఎత్తలేదు.

స్టీరింగ్ వణుకుడికి ముందు పక్క బుష్షులు మార్చి, స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే కడ్డీల కొసలు, అదే టై రాడ్ ఎండ్లు వేశారు. ఇప్పుడు బండి వణకడం లేదు, ఎనభై దాటించే ధైర్యం నాకూ లేదనుకోండి.

రేకు పని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పాత కారు విషయంలో జనం మోసపోయేది ఇక్కడే. తుప్పు పట్టిన చోట పుట్టీ మెత్తి, పైన పెయింట్ కొట్టి ఇచ్చేస్తే మొదటి వర్షాకాలం దాకా అద్దంలా ఉంటుంది, తరవాత పెచ్చులు లేస్తుంది. వీళ్ళు తుప్పు రేకు కోసేసి, కొత్త రేకు అదే వంపులో కొట్టి, వెల్డింగ్ పెట్టి, అడుగున తుప్పు రాకుండా రెడాక్సైడ్ వేసి, అప్పుడు పైపూత వేశారు. మీరు పాత కారు కొనబోతుంటే జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్ళండి. మడ్‌గార్డుల మీద, తలుపుల కింది అంచుల మీద ఆనించి చూడండి, అంటుకోకుండా జారిపోతే అక్కడ రేకు లేదు, పుట్టీయే ఉంది. బయట నిలబడ్డ కార్లకి కూడా ఈ పరీక్ష చేయాలని చెయ్యి లాగుతుంది గానీ ఓనర్లు ఊరుకోరు.

ఇంకో మంచి పని కూడా చేశారు, మేం అడక్కుండానే. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే కదా పోస్తున్నది, పాత రబ్బరు పైపులు, గాస్కెట్లు దానికి తట్టుకోవని పెట్రోలు పైపులన్నీ మార్చేశారు. బిల్లులో అది చిన్న మొత్తమే.

ఇక తిట్లు. "వారంలో ఇచ్చేస్తా" అన్న బండి చేతికొచ్చేసరికి పండగ ఒకటి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే స్పేర్లు ముంబై నుంచి రావాలంటారు, అది నిజమే, పద్మిని సామాను ఇక్కడ దొరకడం తగ్గిపోయింది, కానీ అవి వచ్చాక కూడా డబ్బా విప్పకుండా బల్ల కింద పడి ఉండటం నేను కళ్ళారా చూశా. బిల్లు చేత్తో రాసిన కాగితం, ఏ సామానుకెంత, కూలీ ఎంత అనేది విడదీసి ఉండదు. నేను అడిగితే రాసిచ్చాడు గానీ మొహం మాడ్చుకున్నాడు. మార్చిన పాత సామాను ఇవ్వమని ముందే చెప్పండి, లేకపోతే తుక్కులోకి పోతుంది. ముఖ్యంగా పద్మిని, కాంటెస్సా లాంటి వాటి పాత ముక్క కూడా రేపెప్పుడో పనికొస్తుంది.

ఇప్పుడు నాకిష్టమైన భాగానికొస్తా, షెడ్డు బయట రోడ్డు. బండి ఇవ్వకపోయినా సరే, ఊరికే చూడ్డానికి వెళ్ళినా ఎవరూ ఏమీ అనరు, టీ తాగి రమ్మంటారు కూడా. నేను వెళ్ళినప్పుడల్లా ముందు చూసేది నంబరు ప్లేటు. మూడు ఇంగ్లిష్ అక్షరాలు, పక్కన నంబరు, అంతే ఉంటే అది 1989 నిబంధనల కంటే ముందు రిజిస్టరైన బండి. 1982లో ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్య రథం కూడా అలాంటిదే, పాత షెవర్లే వ్యానుని మార్పించుకున్నది, నంబరు ఏబీఆర్ 7614. మన రాష్ట్రంలో మోడిఫైడ్ బళ్ళన్నిట్లోకీ పేరున్నది అదేనని నా వాదన. ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 7 అంటే గుంటూరు, ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి, ఇలా బండి ఏ ఊరి నుంచి వచ్చిందో చదువుకోవడంలో ఒక సరదా ఉండేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 పెట్టాక ఆ సరదా పోయింది.

అంబాసిడర్లు ఎప్పుడూ ఒకటో రెండో ఉంటాయి. అన్నీ ఒకేలా ఉంటాయి అనేవాళ్ళు ముందు జాలీ, అంటే హెడ్‌లైట్ల మధ్య ఉండే గ్రిల్, చూడండి. చిన్న చిన్న గళ్ళతో పెద్ద జాలీ ఉంటే మార్క్ 2, అడ్డగీతలు ఉంటే మార్క్ 3, జాలీ కురచగా అయి పక్కన చదరపు లైట్లు వస్తే మార్క్ 4. 2014లో ఉత్తర్‌పారాలో ఫ్యాక్టరీ ఆగిపోయాక గీత గీసినట్టు రేట్లు మారాయని బాబాయ్ అంటాడు, అంతకుముందు తుక్కు ధరకి అడిగినవాళ్ళే ఇప్పుడు మార్క్ 2 ఉందా అని ఫోన్లు చేస్తున్నారట.

నేను చూసినవాటిల్లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఒక స్టాండర్డ్ హెరాల్డ్. మద్రాసులో తయారైన బండి. దాని బానెట్ మామూలు బానెట్‌లా లేవదు, మడ్‌గార్డులు, హెడ్‌లైట్లతో సహా ముందు భాగం మొత్తం ముందుకి వాలిపోతుంది, టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. ఆ రోజు కుర్రాడు సరిగ్గా అలాగే కూర్చుని స్పార్క్ ప్లగ్గులు తుడుస్తున్నాడు. ఇంత సుఖమైన డిజైన్ ఎందుకు నిలవలేదో గానీ, ఇప్పటి కార్లలో బల్బు మార్చాలన్నా బంపర్ ఊడదీయాల్సి వస్తోంది. ఇంకోసారి టాటా సియెర్రా, 1991లో వచ్చిన అసలు మూడు తలుపుల మోడల్, వెనక పైకప్పు దాకా వంపు తిరిగిన అద్దాలతో. అదే పేరుతో టాటా తెచ్చిన కొత్త సియెర్రా పుణ్యమా అని ఇప్పుడు దాని చుట్టూ కాలేజీ కుర్రాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు.

అన్నిటికంటే అరుదైనది ఏమిటంటే, చెబితే నవ్వుతారు, ఏ మార్పూ చేయని పాత మారుతి 800. 1983 డిసెంబర్లో వచ్చిన మొదటి మోడల్ సంగతి వదిలేయండి, 86 తరవాతది కూడా కంపెనీ చక్రాలు, కంపెనీ సీట్లు, కంపెనీ స్టీరింగ్‌తో దొరకడం లేదు. వీధికి నాలుగు ఉన్న బండి కదా అని ఎవరూ దాచుకోలేదు, చేతికొచ్చింది తగిలించేశారు. పటమటలో ఒక రిటైర్డ్ మాస్టారు దగ్గర అలాంటి తెల్ల 800 ఉంది, సీటు మీద పాత టర్కీ టవలుతో సహా, ఆయన నెలకోసారి ఆయిల్ చూపించుకోవడానికి వస్తారు. ఊళ్ళో తిరిగే అలాయ్ చక్రాల స్విఫ్టులన్నీ ఒక ఎత్తు, ఆ బండి ఒక్కటీ ఒక ఎత్తు.

మోడిఫికేషన్ పని కూడా ఈ షెడ్డులో చేస్తారు, బాబాయ్ కాదు, ఆయన అన్న కొడుకు. నా సలహా, చేయించొద్దు. మా పక్కింటి అబ్బాయి జిప్సీకి లిఫ్ట్ కిట్ వేయించాడు, చూడ్డానికి బాగానే కుదిరింది, కానీ ఎక్స్‌ట్రా లైట్ల వైరింగ్ రిలే (ఎక్కువ కరెంటు స్విచ్చి మీద పడకుండా చూసే ముక్క) లేకుండా నేరుగా స్విచ్చికి లాగేశారు. ఏలూరు రోడ్డు మీద డాష్‌బోర్డు కింద కాలిన వాసన వచ్చి బండి ఆపి చూస్తే వైరు పైతొడుగు కరిగిపోయి ఉంది. కార్బరేటర్ జెట్టుకి అంత జాగ్రత్త తీసుకునే షెడ్డులో ఈ పని ఏంటని అడిగితే "అది వాడి డిపార్ట్‌మెంట్" అన్నాడు పెద్దాయన. ఇదేం సమాధానం?

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, దాన్ని గట్టిగా పాటించాలని 2019 జనవరిలో సుప్రీంకోర్టు. రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. అద్దాల మీద అంటించే నల్ల ఫిల్ములకి 2012లోనే సుప్రీంకోర్టు బ్రేక్ వేసింది, ముందు బంపర్‌కి బిగించే క్రాష్ గార్డులు 2017 నుంచి కుదరవు. ఇవన్నీ రోడ్డు మీద చూస్తూనే ఉంటాం, ముఖ్యంగా పార్టీ జెండా ఉన్న స్కార్పియోల మీద, అది వేరే కథ. యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్‌వాడు చెప్పని మార్పులు చూపించి క్లెయిమ్ ఆపేస్తే అప్పుడు తెలుస్తుంది నొప్పి.

అసలైన నష్టం ఇంకోటుంది, పాత బండికి డీజిల్ ఇంజను ఎక్కించేవాళ్ళు వినాలి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన బండికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు, ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది, రెన్యువల్ 5,000, రోజువారీ తిరగడానికి కుదరదు. షరతు ఏంటంటే ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉండాలి. అంటే మైలేజీ కోసం మార్క్ 2కి డీజిల్ ఇంజను పెట్టినవాళ్ళు ఇల్లు పీకి పందిరేసినట్టే. మా పద్మిని లాంటి ఎనభైల బళ్ళకి ఇంకా ఆ వయసు రాలేదు కాబట్టి మామూలు రెన్యువలే, ఐదేళ్ళకోసారి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాలి, 600 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్లో 5,000 చేశారు, ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. షెడ్డులో ఈ కాగితాల పనికి ఒక ఏజెంటుని అంటగడతారు. వద్దనండి, ఆన్‌లైన్లో స్లాటు పెట్టుకుని మీరే వెళ్ళొచ్చు, బండి కండిషన్లో ఉంటే ఇబ్బందేం లేదు.

వెళ్ళేవాళ్ళకి రెండు ముక్కలు. పొద్దున తొమ్మిది లోపు వెళ్ళండి, తరవాత లారీలు అడ్డొచ్చి రోడ్డు మీద నిలబడటానికే చోటుండదు. ఆదివారం షెడ్డు మూసి ఉంటుంది. ఫోటో తీసేముందు అడగండి, నంబరు ప్లేటు మూసి తీయండి, కొందరు ఓనర్లకి అది ఇష్టం ఉండదు. పని ఇచ్చేవాళ్ళు ఏం చేయాలో కాగితం మీద రాయించుకుని, అడ్వాన్సు సగం దాటనివ్వకండి. ఇక గోడ పక్కన కవర్ కప్పి ఉన్న మెరూన్ కాంటెస్సా బాబాయ్ సొంతం, అమ్మకానికి కాదు. ఎంతకిస్తావని అడిగినవాళ్ళ బండి లైన్లో ఆఖరికి వెళ్ళిపోతుందని అక్కడి కుర్రాళ్ళు చెబుతారు, మా బండి లేటవడానికి మా మామగారి నోరు కూడా ఒక కారణమని నా అనుమానం.