దౌత్య కార్యాలయం: ఊరి నడుమ పాత భవనమా, ఊరి అంచున కొత్త కట్టడమా?

అమెరికా వీసాకు కర్నూలు నుంచి హైదరాబాదు వెళ్లేవాళ్లు రెండూ చూశారు: మొదట బేగంపేటలో పైగా నవాబుల పాత ప్యాలెస్, 2023 నుంచి నానక్‌రామ్‌గూడలో కొత్త కట్టడం.

ముప్పు: అసలు తేడా ఇక్కడే. 2022లో సడలించేదాకా, అమెరికా నియమం ప్రకారం కొత్త కట్టడానికీ ప్రహరీకీ మధ్య 100 అడుగులుండాల్సిందే. పాత భవనానికి అంత ఖాళీ ఎక్కడిది? 1998లో బాంబు దాడి జరిగిన నైరోబీ (కెన్యా) అమెరికా రాయబార కార్యాలయం రోడ్డు పక్కనే ఉండేది. అసలు పేలుడుకు ముందు వచ్చిన చప్పుడు విని చుట్టుపక్కల భవనాల్లో కిటికీల దగ్గరికొచ్చిన ఎందరికో, పేలుడులో గాజు పెంకులు తగిలి కళ్లు పోయాయి. పాత అద్దానికి ఫిల్మ్ (పెంకులు చెదరకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ పొర) అంటించి వదిలేస్తే, పేలుడుకు అద్దం మొత్తం పలకలా ఊడి గదిలో పడుతుంది. ఫిల్మును ఫ్రేముకు, ఫ్రేమును గోడకు బిగించాల్సిందే.

ప్రహరీ: మన కడప బండలు నిలబెట్టిన గోడ పశువులను ఆపుతుంది, లారీని ఆపదు. కొత్త స్థలంలో లోతైన పునాదితో ఆర్‌సీసీ గోడ లేపొచ్చు. ఊళ్లో తవ్వితే నీటి పైపులు, కేబుళ్లు అడ్డొస్తాయి.

ఖర్చు: పాతది చవక. నానక్‌రామ్‌గూడకు 34 కోట్ల డాలర్లు అయ్యాయి.

సిబ్బంది కొద్దిమందే, ముప్పు తక్కువ, వెంటనే తెరవాలి అంటే పాత భవనం చాలు. రోజూ వీసా జనం వచ్చేచోట మాత్రం కొత్తదే కట్టాలి.